వినికిడి: ఉన్నదాన్ని కాపాడుకోవడం, తగ్గినదానితో బతకడం

చెవి ఎలా వింటుంది

గాలిలో పుట్టిన కంపనాన్ని మెదడుకు అర్థమయ్యే సంకేతంగా మార్చడమే చెవి పని. ఇది మూడు అంచెల్లో జరుగుతుంది. బయటి చెవి ధ్వని తరంగాలను పోగుచేసి కర్ణభేరి దాకా పంపుతుంది. కర్ణభేరి అదిరినప్పుడు దాని వెనక, మధ్య చెవిలో ఒకదానికొకటి ఆనుకుని ఉన్న మూడు చిన్న ఎముకలు ఆ అదురును లోపలికి చేరవేస్తాయి. శరీరంలోకెల్లా చిన్న ఎముక ఈ మూడింటిలో చివరిది; పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అందులోని ద్రవం కదిలినప్పుడు సూక్ష్మమైన రోమ కణాలు వంగుతాయి, విద్యుత్ సంకేతాలు పుడతాయి, శ్రవణ నాడి వాటిని మెదడుకు అందిస్తుంది.

ఒక్కో చెవిలో పుట్టుకతో వచ్చే రోమ కణాలు దాదాపు 15 వేలు. పక్షుల్లో, చేపల్లో దెబ్బతిన్న రోమ కణాల స్థానంలో కొత్తవి పుడతాయి, మనుషుల్లో పుట్టవు. చచ్చిన కణాన్ని తిరిగి మొలిపించే మందు గానీ శస్త్రచికిత్స గానీ నేటి వైద్యంలో లేదు. వినికిడి విషయంలో నివారణకు ఇంత విలువ ఉన్నది అందుకే.

ఏ రోమ కణం ఏ స్వరానికి స్పందించాలో కూడా నిర్ణయమై ఉంటుంది. కాక్లియా మొదట్లో ఉన్నవి కీచు స్వరాలకు, చివర ఉన్నవి గంభీర స్వరాలకు స్పందిస్తాయి. శబ్దం వల్ల గానీ వయసు వల్ల గానీ సాధారణంగా ముందు దెబ్బతినేవి కీచు స్వరాల కణాలే. అచ్చుల బలం ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. ప, త, క, స వంటి హల్లుల తేడా ఎక్కువ పౌనఃపున్యాల్లో తెలుస్తుంది. అందుకే వినికిడి తగ్గుతున్న మనిషికి మాట వినిపిస్తుంది, ఏ మాటో తెలియదు. ‘పప్పు’, ‘తప్పు’, ‘కప్పు’ మూడూ ఒకేలా చెవిన పడతాయి. ‘కావలసినవి మాత్రం బాగానే వినపడతాయి’ అని ఇంట్లోవాళ్లు పెద్దవాళ్లను నిష్ఠూరమాడడం చాలా కుటుంబాల్లో ఉన్నదే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురుగా కూర్చుని చెప్పిన మాట అందుతుంది. టీవీ మోగుతుండగా వంటగదిలోంచి చెప్పిన మాట అందదు. తేడా మనసులో లేదు, కాక్లియాలో ఉంది.

వినికిడి ఎందుకు తగ్గుతుంది

వినికిడి లోపం ప్రధానంగా రెండు రకాలు. శబ్దం లోపలి చెవి దాకా చేరకపోవడం మొదటిది. గుబిలి గట్టిపడి అడ్డుపడడం, కర్ణభేరికి చిల్లు పడడం, మధ్య చెవిలో నీరు లేదా చీము చేరడం, చిన్న ఎముకలు బిగుసుకుపోవడం దీనికి కారణాలు. వీటిలో చాలావాటిని మందులతోనో శస్త్రచికిత్సతోనో సరిచేయవచ్చు. రెండోది లోపలి చెవిలో గానీ శ్రవణ నాడిలో గానీ వచ్చే లోపం. వయసు, శబ్దం, వంశపారంపర్యం, కొన్ని జబ్బులు, కొన్ని మందులు దీనికి దారితీస్తాయి. ఇది ఎక్కువగా శాశ్వతం. రెండూ కలిసి ఉండే మనుషులూ ఉంటారు. ఏ రకమో తేలకుండా చికిత్స మొదలుపెట్టడం వృథా ప్రయాస.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 150 కోట్ల మందికి ఎంతో కొంత వినికిడి లోపం ఉంది. వారిలో సుమారు 43 కోట్ల మందికి చికిత్స, యంత్రం లేదా ఇతర సహాయం అవసరం. 2050 నాటికి మొత్తం 250 కోట్లకు చేరవచ్చని ఆ సంస్థ అంచనా. పిల్లల్లో వచ్చే వినికిడి లోపాల్లో దాదాపు 60 శాతం నివారించదగిన కారణాల వల్లనే వస్తున్నాయని కూడా అది చెబుతోంది.

శబ్దం చేసే హాని

శబ్ద తీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఈ కొలత మామూలు లెక్కలా పెరగదు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి రెట్టింపు అవుతుంది, 10 పెరిగితే పది రెట్లవుతుంది. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదన్నది వృత్తి ఆరోగ్య నిపుణులు విస్తృతంగా పాటించే హద్దు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ వ్యవధి సగానికి పడిపోతుంది: 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట, 100 అయితే 15 నిమిషాలు. బరాత్‌లో డీజే పెట్టెల ముందు శబ్దం 100 దాటడం మామూలే. అక్కడ గంటసేపు ఆడిన వాళ్లు నాలుగు రోజుల మోతాదును ఒక్క గంటలో తీసుకున్నట్టు.

కొలిచే పరికరం లేకపోయినా ఒక గుర్తు ఉంది. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడడానికి గొంతు పెంచాల్సివస్తే అక్కడి శబ్దం హానికరమైన స్థాయిలో ఉన్నట్టే లెక్క. బయటికి వచ్చాక చెవులు దిబ్బడ వేసినట్టుండడం, గుయ్‌మనడం రెండో గుర్తు. మర్నాటికి ఆ దిబ్బడ తగ్గుతుంది గనుక హాని ఏమీ జరగలేదని అనుకుంటారు. పదేపదే అలా జరిగిన చెవిలో రోమ కణాలతో పాటు, వాటిని నాడికి కలిపే సంధులు కూడా దెబ్బతింటాయి.

శబ్దం వృత్తిలో భాగమైన వాళ్లకు ప్రమాదం ఎక్కువ. సిరిసిల్ల మరమగ్గాల షెడ్లు, గ్రానైట్ కోత యూనిట్లు, రాళ్ల క్రషర్లు, బియ్యం మిల్లులు, జనరేటర్ గదులు, రద్దీ కూడళ్లలో నిలబడే ట్రాఫిక్ పోలీసుల విధులు ఈ కోవలోవే. వరసగా మరమగ్గాలు ఆడే షెడ్డులో శబ్దం 90 డెసిబెల్స్ దాటడం సాధారణం. అక్కడ పనిచేసేవాళ్లు సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకోవడం అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటు ఏర్పడిందంటేనే రక్షణ అవసరమని అర్థం. శబ్దం వల్ల వచ్చే లోపం వినికిడి పరీక్ష పటమైన ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా కనిపిస్తుంది. అప్పటికి మామూలు సంభాషణ బాగానే వినపడుతుంది గనుక మనిషికి తెలియదు. ఏటా పరీక్ష చేయిస్తే ఆ గుంట మాటల పౌనఃపున్యాలకు పాకకముందే జాగ్రత్తపడవచ్చు.

రక్షణకు మూడు మార్గాలు: శబ్దం తగ్గించడం, దూరం పెంచడం, సమయం తగ్గించడం. ఆరుబయట శబ్దమూలానికి దూరం రెట్టింపైతే తీవ్రత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. స్పీకర్ల పక్కన పసిపిల్లలను ఎత్తుకుని నిలబడకపోవడం ఖర్చు లేని జాగ్రత్త. చెవిలో దూది పెట్టుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. మెత్తటి ఫోమ్ ఇయర్ ప్లగ్‌లు చవక, కానీ పెట్టుకోవడం తెలియాలి. ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా చుట్టాలి. రెండో చేతిని తల వెనకగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి. ప్లగ్‌ను లోపలికి పెట్టి అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టాలి. సరిగ్గా కూర్చుంటే సొంత గొంతు బొంగురుగా, డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. శబ్దం మరీ ఎక్కువైన చోట ప్లగ్‌ల మీద ఇయర్ మఫ్‌లు కూడా వేసుకోవాలి.

ఇయర్‌ఫోన్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి ఒక హద్దు పెట్టాయి: పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు. ఆచరణలో వాల్యూమ్‌ను 60 శాతం లోపు ఉంచడం, మధ్యమధ్య చెవికి విరామం ఇవ్వడం చాలు. బస్సులో, మెట్రోలో చుట్టూ ఉన్న రొదను మించి వినాలని వాల్యూమ్ పెంచడమే అసలు సమస్య. బయటి శబ్దాన్ని అడ్డుకునే హెడ్‌ఫోన్లు వాడితే ఆ అవసరం తగ్గుతుంది. రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు మాత్రం అవి ప్రమాదకరం.

చట్టం కూడా కొంత అండగా ఉంది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడరాదు; పండుగలు, సాంస్కృతిక కార్యక్రమాల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర ప్రాంతాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. ఊరేగింపు పెద్దలు, పెళ్లివారు ముందే కూర్చుని పెట్టెల సంఖ్య తగ్గించుకుంటే పోలీసులు రావలసిన పని ఉండదు.

చెవి శుభ్రత, మందులు

గుబిలి మురికి కాదు. దుమ్మును, సూక్ష్మజీవులను అడ్డుకోవడానికి చెవి తయారుచేసుకునే రక్షణ పొర అది. దవడ కదలికతో దానంతట అదే బయటికి వస్తుంది. ఇయర్ బడ్, పిన్నీసు, అగ్గిపుల్ల, జడపిన్ను దాన్ని లోపలికి నెట్టి గట్టిపరుస్తాయి. చేయి జారితే కర్ణభేరికి చిల్లు పడుతుంది. గుబిలి గట్టిపడితే వైద్యుడు చుక్కల మందుతో మెత్తబరచి తీస్తారు. గోరువెచ్చటి కొబ్బరినూనో వెల్లుల్లి కాచిన నూనో చెవిలో పోయడం చాలా ఇళ్లలో ఆచారం. కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలో నూనె పోస్తే అది మధ్య చెవిలోకి దిగి ఇన్‌ఫెక్షన్‌ను పెంచుతుంది. చిల్లు ఉందో లేదో ఇంట్లో తెలుసుకునే వీలు లేదు గనుక నూనె పోయకపోవడమే క్షేమం.

చెవిలో చీము కారడాన్ని చిన్నతనంలో మామూలే అని వదిలేయకూడదు. దీర్ఘకాలం కారే చెవి చిన్న ఎముకలను తినేస్తుంది. అరుదుగా ఇన్‌ఫెక్షన్ మెదడు దాకా పాకుతుంది. చెవి కారుతున్నంత కాలం స్నానం చేసేటప్పుడు నీళ్లు పోకుండా చూడాలి, చెరువులో ఈత మానాలి. పిల్లలను చెవి మీద కొట్టడం ఇంట్లో గానీ బడిలో గానీ ఎప్పటికీ తగదు. ఒక్క చెంపదెబ్బ సరిగ్గా చెవి మీద పడితే కర్ణభేరి పగలడానికి చాలు.

కొన్ని మందులు లోపలి చెవికి హాని చేస్తాయి. జెంటామైసిన్, అమికాసిన్, క్షయకు ఒకప్పుడు విరివిగా ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్, క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్, ఎక్కువ మోతాదులో ఇచ్చే ఫ్యూరోసెమైడ్ వీటిలో ముఖ్యమైనవి. ప్రాణం నిలబెట్టే ఈ మందులను సొంతంగా మానేయకూడదు. చికిత్సకు ముందు వినికిడి పరీక్ష చేయించుకోవాలి. మధ్యలో చెవిలో హోరు గానీ కళ్లు తిరగడం గానీ మొదలైతే వెంటనే వైద్యుడికి చెప్పాలి.

పిల్లల వినికిడి

మాట నేర్చే మెదడుకు తొలి మూడేళ్లు అమూల్యం. అప్పుడు వినపడని బిడ్డకు మాట రాదు. తర్వాత వినికిడి ఇచ్చినా ఆ లోటు పూడ్చడం కష్టం. అందుకే నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స మొదలు కావాలన్నది వైద్యుల సూత్రం. నిద్రపోతున్న పసిబిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి నిమిషాల్లో ముగించే ఓఏఈ పరీక్షతో నొప్పి ఉండదు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు, పుట్టగానే పచ్చకామెర్లు తీవ్రంగా వచ్చినవారికి, మెదడువాపు జ్వరం వచ్చినవారికి, కుటుంబంలో చెవుడు ఉన్నవారికి ఈ పరీక్ష తప్పనిసరి.

నివారణ బిడ్డ కడుపులో పడకముందే మొదలవుతుంది. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డకు చెవుడు రావచ్చు. మీజిల్స్–రుబెల్లా టీకా ఆ ముప్పును ఆపుతుంది. మేనరికాలు, దగ్గరి సంబంధాలు తెలుగునాట ఇంకా ఉన్నాయి. భార్యాభర్తలు రక్తసంబంధీకులైనప్పుడు ఇద్దరిలోనూ ఒకే లోపభూయిష్ట జన్యువు దాగి ఉండే అవకాశం పెరుగుతుంది. పుట్టు చెవుడు అలాంటి సంబంధాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఇంట్లో ఇప్పటికే చెవుడు ఉన్నప్పుడు పెళ్లికి ముందే జన్యు సలహా తీసుకోవడం మంచిది.

ఆరు నెలలు దాటినా శబ్దం వచ్చిన వైపు తల తిప్పకపోవడం, ఏడాది నిండినా పేరు పిలిస్తే చూడకపోవడం, ‘అమ్మ’, ‘అత్త’ వంటి ఒక్క మాటా రాకపోవడం హెచ్చరికలు. ‘వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయి’ అంటూ ఆగితే తొలి మూడేళ్లు చేజారిపోతాయి.

గుర్తుపట్టడం, పరీక్ష

టీవీ శబ్దం పెంచమని పదేపదే అడగడం, ఫోన్‌ను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చడం, నలుగురు కూర్చున్న చోట మాట్లాడకుండా ఉండిపోవడం, ఆడవాళ్ల, పిల్లల గొంతులు అందకపోవడం, ‘అందరూ గొణుగుతున్నారు’ అని ఫిర్యాదు చేయడం పెద్దవాళ్లలో తొలి గుర్తులు. ముందు ఈఎన్‌టీ వైద్యుడు చెవి చూడాలి, తర్వాత ఆడియాలజిస్టు శబ్దం చొరని గదిలో ఆడియోగ్రామ్ తీయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో 20 డెసిబెల్స్ లోపు వినగలిగితే మామూలు. 20 నుంచి 35 దాకా స్వల్పం, 35 నుంచి 50 దాకా మధ్యస్థం, 65 దాటితే తీవ్రం.

ఒక పరిస్థితికి మాత్రం ఆగకూడదు. ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో మూడు రోజుల లోపో వినపడకుండా పోతే అది అత్యవసరం. జలుబు వల్ల దిబ్బడ అనుకుని వారాలు గడిపితే చికిత్స సమయం దాటిపోతుంది. స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగి రావడానికి అంత అవకాశం. రెండు వారాలు దాటాక ఆ అవకాశం బాగా తగ్గుతుంది.

వినికిడి యంత్రం

లోపలి చెవి లోపానికి ప్రధాన సాధనం వినికిడి యంత్రం. ఆడియోగ్రామ్ లేకుండా బజారులో కొన్న యంత్రం అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా పెంచుతుంది. నిజమైన యంత్రాన్ని ఆ చెవికి ఏ పౌనఃపున్యంలో ఎంత కావాలో అంత పెంచేలా ఆడియాలజిస్టు అమరుస్తారు. రెండు చెవుల్లోనూ లోపం ఉంటే రెండింటికీ యంత్రం పెట్టుకుంటేనే శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుంది, సందడిలో మాట విడిగా అందుతుంది.

కళ్లజోడు పెట్టుకున్న క్షణమే చూపు తేటపడుతుంది. వినికిడి యంత్రం అలా కాదు. ఏళ్లుగా వినని శబ్దాలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి: ఫ్యాను రొద, గిన్నెల చప్పుడు, తన అడుగుల శబ్దం. మెదడు వీటిని మళ్లీ వడకట్టడం నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. మొదటివారం ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కొన్ని గంటలు, తర్వాత టీవీ ముందు, ఆ పైన ఇద్దరు ముగ్గురితో మాటల్లో, చివరగా బజారులో, పెళ్లిళ్లలో వాడడం మంచి క్రమం. మొదటి రోజే పెళ్లికి పెట్టుకెళ్లినవాళ్లే ఎక్కువగా యంత్రాన్ని బీరువాలో పెట్టేస్తారు. అమరికను మళ్లీ సరిచేయించుకోవడానికి రెండు మూడుసార్లు వెళ్లాల్సి రావడం లోపం కాదు, పద్ధతి.

జింక్–ఎయిర్ బ్యాటరీల పరిమాణాన్ని రంగుతో గుర్తిస్తారు: 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. స్టిక్కర్ తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెడితే బ్యాటరీ పూర్తిగా పనిచేస్తుంది. కోస్తా ఉక్కపోతలో చెమట, తేమ యంత్రానికి ప్రధాన శత్రువులు. రాత్రి సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచాలి. స్నానానికి ముందు తీసేయాలి. యంత్రం కూత పెడితే చెవిలో పెట్టుకునే దాని అచ్చు వదులైందని గానీ చెవిలో గుబిలి నిండిందని గానీ అర్థం.

తీవ్రమైన లోపానికి యంత్రం చాలనప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. రోమ కణాల పని తాను చేస్తూ అది నేరుగా నాడిని ప్రేరేపిస్తుంది. ఆపరేషన్‌తో పని పూర్తి కాదు. పిల్లలకు ఏళ్ల పాటు మాటల శిక్షణ ఇప్పిస్తేనే ఫలం దక్కుతుంది.

యంత్రం వాడకం వినడంతోనే ఆగదు. మధ్యవయసు నుంచి చికిత్స లేని వినికిడి లోపం మతిమరుపు జబ్బుకు నివారించదగిన కారణాల్లో ఒకటని లాన్సెట్ కమిషన్ 2020లోనూ 2024లోనూ పేర్కొంది. 2023లో వెలువడిన అచీవ్ అధ్యయనంలో అందరినీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు గానీ, ముప్పు ఎక్కువగా ఉన్న వృద్ధుల్లో వినికిడి చికిత్స పొందినవారికి మూడేళ్లలో ఆలోచనాశక్తి క్షీణత 48 శాతం తక్కువగా కనిపించింది.

ఇంట్లో మాట తీరు

వినికిడి తగ్గిన మనిషితో జీవించడం ఇంటిల్లిపాది నేర్చుకోవాల్సిన విద్య. పేరు పిలిచి, ఆ మనిషి చూశాక మాట మొదలుపెట్టాలి. వెలుతురు మాట్లాడేవాళ్ల ముఖం మీద పడాలి. నోటికి చేయి అడ్డం పెట్టుకోకూడదు, నములుతూ మాట్లాడకూడదు, టీవీ ఆపాలి. అరవడం వల్ల అచ్చులు పెరుగుతాయి గానీ హల్లులు తేటపడవు. పైగా దెబ్బతిన్న చెవికి మెల్లటి శబ్దం అందదు, కొంచెం పెరిగిన శబ్దం భరించలేనంత గట్టిగా తోస్తుంది. ‘మెల్లగా చెబితే వినపడదు, గట్టిగా చెబితే అరుస్తావెందుకంటారు’ అని ఇళ్లలో వినిపించే మాటకు కారణం ఇదే. మామూలు గొంతుతో, కాస్త నిదానంగా, ముక్కలు ముక్కలుగా చెప్పాలి. ఒకసారి అందని మాటను అలాగే మళ్లీ చెప్పకుండా వేరే మాటల్లో చెప్పాలి. ‘పోనీలే, ఏం లేదులే’ అనడం మనిషిని ఆ గుంపులోంచి బయటికి నెట్టడమే.

వినికిడి తగ్గినవాళ్లు చేయాల్సిందీ ఉంది. వినపడకపోయినా వినపడినట్టు తలూపడం మానాలి. ‘ఎడమ చెవి వైపు చెప్పండి’ అని ముందే అడగాలి. గోడకు వీపు పెట్టి, అందరి ముఖాలూ కనిపించే చోట కూర్చోవాలి. మందుల మోతాదు, డబ్బు లెక్క, ప్రయాణ సమయం వంటివి రాయించుకోవాలి. ఎదుటివాళ్ల మాటను తెలుగు అక్షరాల్లో చూపే సదుపాయం ఇప్పుడు మామూలు ఫోన్లలోనూ ఉంది.

వినికిడి తగ్గిన చాలామందికి చెవిలో హోరు తోడవుతుంది. మందుతో పూర్తిగా పోవడం అరుదు. వినికిడి యంత్రం, రాత్రి వేళ ఫ్యాను వంటి మెల్లటి నేపథ్య శబ్దం, ఆ హోరు నుంచి దృష్టిని మళ్లించే కౌన్సెలింగ్ ఉపశమనం ఇస్తాయి. ఒక్క చెవిలోనే ఉంటే, గుండె చప్పుడు లయలో ఉంటే తప్పక పరీక్ష చేయించాలి.

హక్కులు, సహాయం

వికలాంగుల హక్కుల చట్టం, 2016 బధిరులను, వినికిడి లోపం ఉన్నవారిని విడివిడిగా గుర్తించింది: రెండు చెవుల్లో 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరత, 60 నుంచి 70 దాకా ఉంటే వినికిడి లోపం. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్నవారిలో ఈ రెండు వర్గాలకు కలిపి ప్రభుత్వోద్యోగాల్లో ఒక శాతం కేటాయింపు ఉంది. యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు ఉంటే ఈ సదుపాయాలు పొందడం సులువు. అర్హులకు యంత్రాలు, పిల్లలకు ఇంప్లాంట్లు కేంద్రం అడిప్ పథకం కింద అందిస్తోంది. అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో, అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మైసూరులో ఉన్నాయి. సైగల భాషనే తమ భాషగా ఎంచుకున్నవారి కోసం 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. సైగల భాష మాటకు తక్కువ కాదు. సొంత వ్యాకరణం ఉన్న పూర్తి భాష.

వినికిడి విషయంలో మనిషి చేతిలో ఉన్నవి రెండే: శబ్దం నుంచి చెవిని కాపాడడం, తగ్గిందని అనుమానం రాగానే పరీక్ష చేయించడం. మొదటిదానికి ప్రత్యామ్నాయం లేదు. రెండోదానికి ఆలస్యం చేసిన ప్రతి ఏడూ మనిషికీ మాటకూ మధ్య దూరాన్ని పెంచుతుంది. ఇంట్లో అరవై దాటినవాళ్లు ఉంటే ఈ ఏడాదే ఒక ఆడియోగ్రామ్ తీయించాలి.